రెండో దెబ్బ

నా గొంతు వెనకగదిలో, బల్ల కింద పెట్టిన కంప్యూటర్లో ఉంది. కవిత్వం చెప్పడం లేదు. నిజంగానే అక్కడ ఉంది, ఎందుకంటే నా మెడలో లేదు. పోయిన ఏడాది ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పలచటి గుడ్డ. ఆ గుడ్డ మా ఆయన కుట్టిందే, అంచు కనబడకుండా లోపలికి మడిచి. ఊపిరి అక్కణ్ణుంచే పీలుస్తాను. నోరు తినడానికీ, మూతి ముడుచుకోవడానికీ తప్ప ఇంకెందుకూ పనికి రావడం లేదు.

అంతకు ముందు నేను బస్టాండులో అనౌన్సర్‌ని. అద్దాలగదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో చెప్పేదాన్ని. నా మొహం ఎవరికీ తెలియదు గానీ నా గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరగాయల కొట్లో నోరు తెరిస్తే చాలు, "మీరు బస్టాండు మేడమ్ కదూ?" అనేవాళ్ళు. అంత తీయటి గొంతు. బస్సు రద్దయిందని చెప్పినా జనం తిట్టుకోకుండా వినేవాళ్ళు. ఆ తీపి డ్యూటీకి సరిపడా మాత్రమే ఉండేది, ఇల్లు చేరేసరికి అయిపోయేది.

ఇంట్లో నాది వేరే గొంతు. గోడలు అదిరేవి. మా ఆయన దర్జీ. ముందుగదిలో మోటారు మిషను మీద కుడుతూ ఉంటారు, ఆ రొదని దాటి నా మాట వెళ్ళాలి కదా మరి. కొత్త గుడ్డ ముట్టుకునే ముందు ఆయనకి చేతులు కడుక్కోవడం అలవాటు. వంటింట్లోకొచ్చి కడుక్కుంటారు, ఆ గుడ్డని ఎలా కత్తిరించాలా అని ఆలోచించుకుంటూ వెళ్ళిపోతారు, కుళాయి అలాగే పోతూ ఉంటుంది. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నా సరే, ఆ చప్పుడు నా చెవిన పడేది. అక్కణ్ణుంచే కేక పెట్టేదాన్ని: "ఏమండీ! కుళాయి!" ఆయన కత్తెర వదిలేసి పరుగెత్తేవారు. మా కాపురంలో సగం మాటలు అవే.

జబ్బు బయటపడ్డాక, ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఒక సలహా ఇచ్చింది. గొంతు బాగుండగానే వాక్యాలు రికార్డు చేసి దాచుకోమంది. ఆ తర్వాత ఫోన్లో ఏది టైపు చేసినా నా గొంతుతోనే పలికేలా ఏర్పాటు చేసేవాళ్ళున్నారట. ఆవిడిచ్చిన వాక్యాలు వందల్లో ఉన్నాయి. "నాకు మంచినీళ్ళు కావాలి." "తలుపు దగ్గర ఎవరో ఉన్నారు." "మీ సహాయానికి కృతజ్ఞతలు." వెనకగది కిటికీకి దుప్పట్లు కట్టి, కంప్యూటర్‌కి మైకు తగిలించి, ఆసుపత్రిలో చేరే రోజు దాకా చదువుతూనే ఉన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? మైకు కనబడగానే బస్టాండు గొంతే వచ్చేది. "నాకు కడుపులో నొప్పిగా ఉంది" అన్నది కూడా ప్రయాణికులకు విజ్ఞప్తి చేస్తున్నట్టే చదివాను. తడబడినప్పుడల్లా ఆ ముక్కని 'చెత్త' అని పేరు పెట్టుకున్న ఫోల్డర్లో పడేసి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఇంకో చోట కూడా ఒక కాపీ పెట్టుకోమని మా మరిది అప్పుడే మొత్తుకున్నాడు. "ఎక్కడికి పోతుందిరా, ఇంట్లోనే ఉందిగా!" అన్నారు మా ఆయన. తర్వాత ఆపరేషన్, దాని వెనకే చికిత్సలు. ఎవరికీ ఆ ధ్యాసే లేదు. ఇంటికొచ్చాక ఒకరోజు నన్ను సంతోషపెడదామనుకుని ఆయన ఆ రికార్డింగు పెట్టారు. "శుభోదయం" అంది నా గొంతు, నేను నోరు మూసుకుని కూర్చుని ఉండగానే. నేను చచ్చిపోయి పక్కగదిలో లేచి మాట్లాడుతున్నట్టనిపించింది. వెళ్ళి గోడకున్న స్విచ్చు కట్టేశాను. పలక తీసుకుని, "ఇది మళ్ళీ నా చెవిన పడకూడదు" అని రాశాను. పలకంటే నిజంగా పలకే. మా ఆయన గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ళతో దాని మీద రాస్తాను. ఆయన చదివి తలూపారు. నేనిక ఆ గదిలోకే వెళ్ళడం మానేశాను.

ఆసుపత్రివాళ్ళు మెడకి ఆనించుకుని మాట్లాడే పరికరం ఒకటిచ్చారు. జుయ్‌మంటుంది. నేను దానికి కందిరీగ అని పేరు పెట్టాను. ఈ మధ్య ఒకరోజు మందుల షాపులో దాంతో దూది అడిగితే, తల్లి చంకలో ఉన్న చంటిపిల్ల నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. "ఏం లేదమ్మా, ఆంటీ అంతే, ఆంటీ అంతే" అని తల్లి సముదాయించింది. దూది తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను. దారి పొడుగునా 'ఆంటీ అంతే' చెవిలో గింగురుమంటూనే ఉంది. అంతే ఎందుకవుతాను? నాకో గొంతుంది, ఇంట్లో పెట్టుకుని నేనే వద్దంటున్నాను. డాక్టరమ్మకి మెసేజ్ పెట్టాను. ఈసారి వచ్చేటప్పుడు రికార్డింగులు తెచ్చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటానంది.

తీరా కంప్యూటర్ పెడితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. హార్డ్ డిస్కు కనబడడం లేదట. మా ఆయన వెనక నిలబడి, "ఒక్కోసారి అంతే, కాసేపాగితే వస్తుంది" అన్నారు. ఏడాదిగా ఎవరూ ముట్టుకోని కంప్యూటర్ సంగతి ఈయనకెలా తెలుసని నాకు అనుమానం రావాలి. నా భయంలో నేనున్నాను, రాలేదు. మా మరిదికి కబురు పెట్టాను.

మా మరిదికి కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. ఈ కంప్యూటర్ కూడా షాపులో మిగిలిన ముక్కలు కలిపి తనే బిగించి ఇచ్చింది. మనిషి మహా నిమ్మళం. ఇల్లంటుకుందని చెప్పినా, ముందు ఏ గదిలో మొదలైందని అడిగే రకం. ఆదివారం పొద్దున వచ్చాడు. బయట మబ్బు పట్టి, ముందుగదిలో పట్టపగలే లైటు వేసుకోవాల్సొచ్చింది. కటింగు బల్ల మీదున్న గుడ్డలన్నీ తీసి, అందరూ సీపీయూ అని పిలిచే ఆ పెట్టెని దాని మీద పెట్టాం. పక్కన తెర పెట్టి స్విచ్చు వేశాడు. ఏ రోగమూ లేనట్టు చక్కగా తెరుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"డాక్టరు దగ్గరికెళ్తే జ్వరం తగ్గిపోయినట్టు, వీటికీ అంతే వదినా" అన్నాడు. "పూర్తిగా చచ్చిన డిస్కుతో పేచీ లేదు. ఇలా వచ్చిపోయేదే ప్రాణాలు తోడేస్తుంది. ఎప్పుడు ఆగుతోంది? పెట్టగానేనా, వేడెక్కాకా?"

నాకు తెలియదని రాశాను. అతను అన్నగారి వైపు చూశాడు. మా ఆయన కత్తెరకి నూనె రాస్తున్నారు.

"నాకేం తెలుసురా" అన్నారు తలెత్తకుండా.

"మిషను నడిచేటప్పుడు ఆగుతోందా? ఆ మోటారు కరెంటు లాగేస్తుందేమో."

మా ఆయనతో మిషను తొక్కించి చూశాడు. ఏమీ కాలేదు. మంచిదే, నడిచినంతసేపు నడవనీ, రోగం సంగతి తర్వాత, ముందు కాపీ తీసేసుకుందాం అన్నాడు. తన సంచిలోంచి వేరే డిస్కు తీసి తగిలించాడు. నేను నా ఫోల్డర్ చూపించాను. కాపీ మొదలైంది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతోంది. దాన్నే చూస్తూ నేను ఊపిరి బిగబట్టాను, మెడ మీది గుడ్డ కూడా కదలలేదు.

గీత ఆగిపోయింది.

మా మరిది దేన్నీ ముట్టుకోలేదు. వంగి పెట్టెకి చెవి ఆనించాడు. "చప్పుడే లేదు" అని గొణిగాడు. "డిస్కు చెడిపోతే ఏదో ఒక చప్పుడు చేస్తుంది. ఇది అసలు తిరగడమే లేదు, అంటే..."

ఆ మాట పూర్తి కాలేదు. మా ఆయన బల్ల అవతలి నుంచి వచ్చి, పెట్టె పక్కన అరచేత్తో ఒక్కటిచ్చారు. లోపల డిస్కు గుయ్‌మంటూ లేచింది. గీత మళ్ళీ కదిలింది. ఆయన ఇంకొకటి కొట్టారు. ఈసారి లోపల టక్‌మంది.

"అన్నయ్యా!" అని మా మరిది అరిచాడు. ఇన్నేళ్ళలో అతను అరవగా వినడం నాకదే మొదటిసారి. చటుక్కున స్విచ్చు కట్టేశాడు.

మా ఆయన తన చెయ్యి తనది కానట్టు చూసుకుంటున్నారు. "లేపడానికి ఒకటి కొట్టానురా" అన్నారు.

"మరి రెండోది?"

"మళ్ళీ పడుకోకుండా."

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో దెబ్బ తినకుండా పనిచేసే వస్తువు లేదు. రేడియోకి నెత్తి మీద, ఫ్రిజ్‌కి డొక్కలో, గోడగడియారానికి చెంప మీద. దేనికి ఎక్కడ తగలాలో మా అత్తగారు కనిపెట్టి పెట్టారు, ఆయన ఆ విద్య ఆస్తిలా కాపాడుకుంటూ వచ్చారు. ఎప్పుడైనా రెండు దెబ్బలే. ఒకటి లేపడానికి, ఒకటి మళ్ళీ పడుకోకుండా. మనుషుల మీద మాత్రం చెయ్యెత్తిన పాపాన పోలేదు. పిల్లిని కూడా "వెళ్ళమ్మా" అని బతిమాలి పంపే మనిషి.

మా మరిది స్క్రూలు విప్పి పెట్టె పక్కరేకు తీశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో ఏటవాలుగా పట్టుకున్నాడు. రేకు మధ్యలో అరచెయ్యంత మేర సొట్టపడి ఉంది. అక్కడ రంగు అరిగిపోయి ఇనుము మెరుస్తోంది.

"ఇది ఇవ్వాళ తగిలిన దెబ్బ కాదు" అన్నాడు.

నేను మా ఆయన్ని చూశాను. కొలత తప్పి కత్తిరించిన చొక్కాని చూసుకున్నట్టు ఆయన ఆ రేకుని చూస్తూ నిలబడ్డారు. తర్వాత, చేతులు కడుక్కుని వస్తానని చల్లగా వంటింట్లోకి జారుకున్నారు. కుళాయి చప్పుడు మొదలైంది. ఎంతకీ ఆగలేదు. నేనే వెళ్ళి కట్టేసి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

మేం వచ్చేసరికి మా మరిది మళ్ళీ స్విచ్చు వేసి, పెట్టె లోపల వేలు పెట్టి, డిస్కుకి కరెంటు తెచ్చే కేబుల్‌ని అటూ ఇటూ కదుపుతున్నాడు. కదిపితే డిస్కు ఆగుతోంది, ఇంకాస్త కదిపితే లేస్తోంది. చాలాసేపు అలాగే చూసి, స్విచ్చు కట్టేసి, ఆ కేబుల్ పీకి నాకు చూపించాడు. కొసన ఉన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్కలో ఒక పిన్ను చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది.

"దొరికింది వదినా. వచ్చిపోయే రోగం డిస్కుది కాదు, ఈ ముక్కది. ఇది లూజయ్యి కరెంటు అందడం లేదు. అప్పట్లో సరైన కేబుల్ దొరక్క నేనే ఈ జాయింటు పెట్టాను. మొదటి తప్పు నాదే."

కేబుల్! ఒక ముక్క కేబుల్! ప్రాణం లేచొచ్చింది. దాన్ని పారేసి వేరేది పెడితే అయిపోయేదానికా ఇంత భయపడి చచ్చాను? శబ్దం లేకుండా నవ్వాను, నా నవ్వుకిప్పుడు శబ్దం ఉండదు. అతను మాత్రం నవ్వలేదు.

"మరి ఆ టక్ ఏంటి?" అని రాశాను.

అతను అన్నగారిని ఒకసారి చూసి, నాతోనే చెప్పాడు. "డిస్కు లోపల అద్దంలాంటి పళ్ళెం గిర్రున తిరుగుతూ ఉంటుంది వదినా. చదివే ముల్లు దాని మీద తేలుతూ ఉంటుంది, తగలకుండా, వెంట్రుక కూడా పట్టనంత ఎత్తులో. పళ్ళెం ఆగిపోతే ముల్లు పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు కొడితే పెద్దగా ఏం కాదు. మొదటి దెబ్బ అలాంటిదే. ఈ లూజు ముక్క సర్దుకుని కరెంటు అందేది, అన్నయ్య బాగుపడిందనుకునేవాడు. రెండో దెబ్బ తగిలేసరికి పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. ముల్లు దాని మీదే ఉంటుంది. ఎక్కడ చదువుతుంటే అక్కడే గీసుకుపోతుంది."

మా ఆయన మెల్లగా మిషను ముందు స్టూలు మీద కూర్చున్నారు. ఈ కంప్యూటర్ ఎందుకు పెట్టుకున్నారు, నన్నెందుకు అడగలేదు, ఇన్ని దెబ్బలెందుకు కొట్టారు? పలక నిండా రాసి మొహాన పెడదామనుకున్నాను. సుద్దబిళ్ళ కింద పెట్టేశాను. ముందు నా గొంతు సంగతి తేలనీ, తర్వాత ఈయన సంగతి చూద్దాం అనుకున్నాను.

మా మరిది డిస్కుని బయటికి తీశాడు. అరచేతిలో పట్టేంత నల్లటి ఇనపబిళ్ళ. నా సంపాదన, నా తీపి, నా కోపం, ముప్ఫై ఏళ్ళుగా వాడిన గొంతు ఇందులో ఉందా అనిపించింది. మా ఆయన లేచి, కోట్ల లోపల వేసే మందపాటి గుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరిచారు. దాని మీద డిస్కుని పెట్టి, కొత్త కేబుల్‌తో తన లాప్‌టాప్‌కి తగిలించాడు మా మరిది.

"గీసుకుపోయిన చోట మొండికేసి చదివిస్తే మొత్తం పోతుంది. బాగున్నవన్నీ ముందు లాగేద్దాం. అడ్డం పడ్డదాన్ని వదిలేసి ముందుకెళ్దాం. ఎవరూ బల్లని తాకకండి" అన్నాడు.

ఒక్కొక్క ఫైలే రావడం మొదలైంది. మధ్యమధ్యలో డిస్కు టక్‌మంటూనే ఉంది. బయట వాన మొదలైంది. ఎవరో ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి గుమ్మం దాకా వచ్చి, మా మొహాలు చూసి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోజనాల మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి మా మరిది కుర్చీలో వెనక్కి వాలాడు.

"వచ్చేశాయి వదినా. వాక్యాల ఫోల్డర్ మొత్తం వచ్చింది. ఇవ్వాళ్టి దెబ్బకి కూడా ఒక్కటీ పోలేదు."

అతని తల మీద చెయ్యి పెట్టాను. వినిపించనా అని అడిగాడు. ఈసారి సరేనన్నాను. "నాకు మంచినీళ్ళు కావాలి" అంది నా గొంతు. ఎంత తీయగా ఉంది! నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదికి మంచినీళ్ళు వస్తున్నట్టే ఉంది. ఏడుస్తూ నవ్వాను. మా ఆయన కూడా "బాగుంది" అన్నారు, కానీ ఆయన కళ్ళు లాప్‌టాప్ మీదే ఉన్నాయి.

"ఆ చెత్త ఫోల్డర్ కూడా చూస్తున్నా" అన్నాడు మా మరిది. "అందులో అన్నీ వచ్చాయి గానీ ఒక్కటి రావడం లేదు. దాని దగ్గరికెళ్ళగానే టక్కుటక్కుమంటోంది. చెత్తేగా వదినా, ఆపేస్తాను."

"ఆపెయ్" అని రాశాను.

"వద్దు" అన్నారు మా ఆయన.

ఇద్దరం తిరిగి చూశాం. ఆయన స్టూలు మీదే ఉన్నారు. మెడలో కొలతల టేపు రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నారు.

"అదొక్కటీ కావాలిరా. ఎలాగోలా తియ్యి."

"ఏముందన్నయ్యా అందులో?"

ఆయన మా మరిదికి కాదు, నాకు చెప్పారు. "నువ్వు ఆసుపత్రికి వెళ్ళిన రోజుల్లో పెట్టుకునేవాణ్ణి. నీ చెవిన పడకూడదన్నావుగా, అందుకే నువ్వు లేనప్పుడు. అన్నీ విన్నాను మొదట్లో. అవన్నీ బస్టాండువి. ఇదొక్కటే... ఇందులో నువ్వు నన్ను తిడతావు."

నాకేమీ గుర్తు లేదు.

"కృతజ్ఞతలు అని చదువుతుంటావు. ఈలోగా నేను చేతులు కడుక్కుని కుళాయి వదిలేసి వెళ్తాను. ఒక్క కేక పెడతావు. 'ఏమండీ! కుళాయి! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు! రేపు నేను అరవలేకపోతే ఎవరు కట్టేస్తారు, మీ మిషనా?' అంటావు. నేను పరుగెత్తుకొచ్చిన చప్పుడు, కట్టేసిన చప్పుడు కూడా ఉంటాయి. తర్వాత నవ్వుతావు. మైకు ఆపలేదని అప్పుడు చూసుకుని నాలిక్కరుచుకుంటావు." ఆయన టేపు కొసని వేలికి చుట్టుకున్నారు. "మధ్యలో ఆగిపోయేది. సరిగ్గా నువ్వు అరిచే చోట ఆగితే నాకు ప్రాణం ఆగేది కాదు. ఒకటి కొట్టేవాణ్ణి. మళ్ళీ మొదలయ్యేది. మళ్ళీ ఆగకూడదని ఇంకొకటి కొట్టేవాణ్ణి."

మా మరిది తల దించుకున్నాడు. నాకు అప్పుడర్థమైంది. వాక్యాలన్నీ అందుకే బతికాయి, వాటినెవరూ మళ్ళీ మళ్ళీ వినలేదు. ముల్లు ఈ ఒక్కదాని మీద ఉన్నప్పుడే దెబ్బ పడింది. వింటున్నది ఇదే, ఆగిందీ ఇదే, కొట్టింది దీన్నే. నేను లేనప్పుడల్లా ఆ కేక కోసం కొట్టి కొట్టి, ఆ కేకనే అరగదీసేశారు.

"మిగతావి దక్కాయి కాబట్టి ఇక డిస్కు ఏమైనా పరవాలేదు. చూస్తాను" అన్నాడు మా మరిది.

చూశాడు. చాలాసేపే చూశాడు. ముందునుంచి చదివించాడు, వెనకనుంచి చదివించాడు, చల్లారనిచ్చి మళ్ళీ పెట్టాడు. డిస్కు టక్కుటక్కుమంటూ ఆగి, మళ్ళీ తిరిగి, మళ్ళీ ఆగింది. సాయంత్రానికి ఒకే చప్పుడు ఆగకుండా చేసి, ఇక లేవలేదు. మా ఆయన చెయ్యి రెండుసార్లు పైకి లేచి, గాల్లోనే ఆగి, ఒళ్ళోకి దిగిపోయింది.

"మొదటి ముక్క కొంచెం వచ్చింది" అన్నాడు మా మరిది. "వినిపించమంటావా అన్నయ్యా?"

ఆయన తలూపారు.

"మీ సహాయానికి కృతజ్ఞతలు" అంది బస్టాండు గొంతు. తర్వాత కొంచెం ఖాళీ. దూరంగా నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత ఊపిరి. నోటితో, గుండె నిండా, ఒక్కసారిగా పీల్చిన ఊపిరి, కేక పెట్టబోయే మనిషి పీల్చేది. అంతే. ఆ పైన ఏమీ లేదు.

నాకు ఆయన మీద ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. అరిచి ఇల్లు పీకి పందిరి వెయ్యాలనిపించింది. నోరు తెరిచాను కూడా. ఊపిరి మెడ రంధ్రంలోంచి పోయింది, గుడ్డ ఒకసారి పైకి లేచి పడింది. పలక బల్ల మీదే వదిలేశాను. వెళ్ళి ఆయన స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాను.

మా మరిది మర్నాడు కొత్త డిస్కు, కొత్త కేబుల్ పెట్టి కంప్యూటర్ బిగించి ఇచ్చాడు. సొట్టపడ్డ రేకు మారుస్తానంటే మా ఆయన వద్దన్నారు. కొత్త డిస్కులో అన్నీ వేసి, ఆ ఊపిరి ముక్కని కూడా అన్నగారు అడక్కముందే వేశాడు.

ఇప్పుడు నా ఫోన్లో నా గొంతు మాట్లాడుతుంది. టైపు చేస్తే చాలు, పాత తీపితో పలుకుతుంది. మందుల షాపు కుర్రాడు "మేడమ్! బస్టాండు మేడమ్!" అని కౌంటరు దాటి వచ్చాడు. డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మిగతా రోగులకి వినిపిస్తోంది. కందిరీగని డబ్బాలో పెట్టేశాను. అందరికీ సంతోషంగా ఉంది, నాకూ ఉంది. లేదని చెప్తే అబద్ధమవుతుంది.

ఆ గొంతు వచ్చిన కొత్తలోనే ఒకరోజు ఆయన చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు, కుళాయి పోతోంది. ఆశగా టైపు చేశాను: "ఏమండీ! కుళాయి!" ఫోను ఎంతో మర్యాదగా పలికింది. ఆయన మిషను ఆపి, ఇటు తిరిగి, "బాగా వచ్చిందే" అని మెచ్చుకున్నారు. లేవలేదు. బస్సు గురించి చెబుతుంటే వినే ప్రయాణికుడిలా నవ్వుతూ కూర్చున్నారు. శబ్దం పెంచి మళ్ళీ నొక్కాను. ఎంత పెంచినా ఆ తీపే పెరిగింది. నేనే వెళ్ళి కుళాయి కట్టేశాను.

మొన్న ఆసుపత్రిలో పని తొందరగా అయిపోయి ఎప్పటికన్నా ముందే ఇంటికొచ్చాను. ముందుగదిలో మిషను ఖాళీగా ఉంది. వెనకగదిలోంచి నా గొంతు వినిపించింది. "మీ సహాయానికి కృతజ్ఞతలు." నీళ్ళ చప్పుడు. ఊపిరి. ఆ పైన నిశ్శబ్దం. కుర్చీ జరిగింది. ఆయన వెనకగదిలోంచి గబగబా వంటింట్లోకి వెళ్ళారు, నన్ను చూడలేదు. కుళాయి కట్టేసే ఉంది. ఆయన దాన్ని తిప్పి, కొంచెం నీళ్ళు పోనిచ్చి, గట్టిగా కట్టేసి, దాని మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డారు.

ఫోను నా చేతిలోనే ఉంది. ఏమండీ అని నొక్కితే పలుకుతుంది. సంచిలో పెట్టేశాను. మళ్ళీ గుమ్మం దాకా వెనక్కి నడిచి, ఆయన మొహం తుడుచుకునేదాకా ఆగి, అప్పుడే వచ్చినట్టు చెప్పులు చప్పుడయ్యేలా విడిచాను.